నారింజ గడి, కాఫీ గడి

రెండు రుచుల గళ్ళ కేకు చేయడంలో నన్ను మించినవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఒకవేళ పుట్టినా వాడికింకా పాలపళ్ళు రాలేదు. నేను చేసిన కేకు కోస్తే లోపల చదరంగం బల్ల కనిపిస్తుంది: ఒక గడి నారింజ, ఒక గడి కాఫీ, మళ్ళీ నారింజ, మళ్ళీ కాఫీ. నలభై ఏళ్ళు తాపీ పట్టి గోడలు లేపినవాణ్ణి, నాకు గీత తప్పడమేమిటి. నేను కట్టిన గోడ మీద రసమట్టం పెడితే అందులోని గాలిబుడగ సిగ్గుపడి తనంతట తనే నడిమధ్యకి వచ్చి కూర్చునేది.

ఈ విద్య నాకు ఒక్క ఎండాకాలంలో వచ్చింది. ఆ ఎండాకాలం సంగతే ఇది.

మా ఇంట్లో కేకులు చేసేది మా ఆవిడ. ఇరవై రెండేళ్ళపాటు మా వీధిలోనూ, ముందు వీధిలోనూ, వెనక వీధిలోనూ ఎవరి పుట్టినరోజైనా ఆమె కేకే. వంటగదిలో ఒక చిన్న ఓవెన్ ఉండేది. దాని తలుపు సరిగ్గా పడదు. అందుకని నేను ఒక ఇటుక ఆనించి పెట్టాను. తలుపు బాగుచేస్తానని ఇరవై రెండేళ్ళూ చెబుతూనే వచ్చాను. ఆమె ఆ ఓవెన్ ముందు ముక్కాలిపీట వేసుకుని, చెవి దగ్గరగా పెట్టి, కేకు లోపల చేసే చప్పుడు వినేది. పిండి ఇంకా పచ్చిగా ఉంటే సన్నగా చిటపటమంటుందట. "ఇంకా మాట్లాడుతోంది, ఉండనీ" అనేది. మాటలు ఆగాక దించేది. ఒక్కనాడు మాడింది లేదు.

ఆ ఏడు చలికాలంలో ఆమెకు జబ్బు చేసింది. దాని పేరు పలకడం ఆమెకు ఇష్టముండేది కాదు, నేనూ పలకను. మందు ఎక్కించారు. ఆ మందు జబ్బుతో ఏపాటి పోట్లాడిందో గాని, ఆమె నాలుక మీది రుచినీ, వేళ్ళ చివరి స్పర్శనీ ఊడ్చి అవతల పారేసింది. చక్కెర వేసినా మట్టిలా ఉందనేది, నిమ్మకాయ పిండినా మట్టిలా ఉందనేది. సూది పట్టుకుంటే జారిపోయేది. ఒకనాడు పొయ్యి మీది గిన్నెను ఉత్తచేత్తో దించి, దించిన సంగతి మరిచిపోయి, కూర్చుని నాతో కబుర్లు చెబుతోంది. అరచేతిలో బొబ్బ లేవడం మొదట చూసింది నేను. ఆమె నా చూపు వెంట చూసుకుని, "ఓహో, కాలిందన్నమాట" అంది, ఎవరి చెయ్యో అన్నట్టు.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. అమ్మాయి కళ్ళజోళ్ళ కొట్లో పని చేస్తుంది. అబ్బాయి లిఫ్టులు బాగుచేస్తాడు. వాళ్ళకి వాళ్ళే చూసుకున్నారు, మాకు చెప్పారు, మేం సరేనన్నాం. అబ్బాయిని నేను లిఫ్టు అనే పిలిచేవాణ్ణి. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడే అడిగాను.

"ఏం బాబూ, మా పిల్లని పైకి తీసుకెళ్తావా, కిందికా?"

"మధ్యలో ఆగిపోకుండా చూసుకుంటాను మామయ్యా," అన్నాడు, టీ కప్పులోంచి తల ఎత్తకుండానే.

"నీకు సరిపోయినోడు దొరికాడయ్యా," అని మా ఆవిడ నా గాలి తీసేసింది.

అదే రోజు వాడు ఓవెన్ తలుపు చూసి, పది నిమిషాల్లో బాగుచేస్తానని జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఆ ఇటుక మా ఆయన ఈ ఇంట్లో చేసిన ఒకే ఒక్క పని బాబూ, దాన్ని కదపకు" అంది.

వాడికి ఏదో ట్రైనింగు ఉండటంతో పెళ్ళి వానలు వెలిశాక పెట్టుకున్నారు. పొద్దున రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, సాయంత్రం మా ముందుగదిలో నలుగురికీ టీ, కేకు. అంతే. కేకు మాత్రం తనే చేస్తానని మా ఆవిడ పట్టుబట్టింది. బజార్లో కొందామన్నందుకు అమ్మాయితో మూడు రోజులు మాట్లాడలేదు.

"రెండు రుచులు ఉండాలి," అంది నాతో. "దానికి కాఫీ ఇష్టం. అబ్బాయి జేబులో ఎప్పుడు చూడు, నారింజ బిళ్ళలే. రెండూ గళ్ళు గళ్ళుగా రావాలి. పైన పువ్వులు ఎవరైనా పెడతారు. కోసినప్పుడు అందరూ నోరెళ్ళబెట్టాలి."

"చేతులేవే నీకు?"

"నీవి ఉన్నాయిగా. నలభై ఏళ్ళు సిమెంటు కలిపావు, పావుకిలో పిండి కలపలేవా?"

అలా నేను ఆమె దగ్గర కూలికి కుదిరాను.

ఎండలు ముదిరిన మొదటి వారంలో ఆసుపత్రికి వెళ్ళాం. కాగితాలన్నీ చూసి పెద్ద డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. మంచివాడు. కుర్చీ చూపించి, నేను కూర్చునేదాకా ఆగి చెప్పాడు. ఇంక మందు ఎక్కించడం వల్ల బాధే తప్ప ఉపయోగం లేదన్నాడు. వానలు పడేదాకా ఉంటే ఎక్కువన్నాడు.

బయట బెంచీ మీద మా ఆవిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. ఆయన ఇంటి కప్పు కారుతోందట," అన్నాను. "ముగ్గురు ఇంజనీర్లు వచ్చి చూసి చేతులెత్తేశారట. నేను మేస్త్రీనని ఎవరు చెప్పారో ఏమో, నా చేతులు పట్టుకుని ఒకటే బతిమాలడం. మందుల చీటీ మీదే బొమ్మ గీసిచ్చి వచ్చాను."

"నా సంగతి?"

"నీ సంగతా. నీకింక మందే అక్కర్లేదట, అంత బాగున్నావట. వానలు వెలిసేసరికి నన్ను వీధి చివరిదాకా తరిమి కొడతావన్నాడు."

ఆమె నన్ను ఒకసారి చూసి, సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. పెళ్ళి వానలు వెలిశాక. డాక్టరు ఇచ్చిన గడువు వానలు పడేదాకా. ఆ రెంటికీ మధ్యనున్న వానాకాలాన్ని ఎక్కడ దాచాలో తెలియక, దాని మీద ఒక కారే కప్పు వేశాను. ఇంటికెళ్ళి అమ్మాయికీ అదే కథ చెప్పాను, ఈసారి ఇంజనీర్లు ఐదుగురయ్యారు.

మొదటి కేకు ఆ వారమే చేశాం. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పింది, నేను చేశాను. "పిండిని గుండ్రంగా తిప్పకు, కిందనుంచి పైకి మడుచు" అంటే నాకు ఇట్టే అర్థమైంది. ఇసుకా సిమెంటూ కలిపేటప్పుడు పారతో చేసే పని అదే. కేకు దించాక ఆమెకి నీరసం వచ్చింది. "ఆరాక చక్కెరనీళ్ళు కాస్త చిలకరించు, పొడిబారకుండా ఉంటుంది" అని చెప్పి వెళ్ళి పడుకుంది.

నీళ్ళు పెట్టడం నాకు కొత్తా. కొత్తగా పోసిన శ్లాబుకి పూటపూటా నీళ్ళు పెట్టకపోతే బీటలిస్తుంది. ఆ కేకు మీద సన్నటి బీట ఒకటి కనిపించనే కనిపించింది. చెంబుతో పోశాను. నీళ్ళు పక్కలకి జారిపోతున్నాయి. శ్లాబు మీద సిమెంటుతో గట్టు కట్టి నీళ్ళు నిలబెడతాం చూడండి, అలాగే మిగిలిన పిండిని తడిపి కేకు చుట్టూ చిన్న గట్టు కట్టాను. నీళ్ళు చక్కగా నిలిచాయి. పైన తడిగుడ్డ కప్పి, అరగంటకోసారి వెళ్ళి మళ్ళీ నింపి వచ్చాను.

సాయంత్రం ఆమె లేచి వచ్చి గుడ్డ ఎత్తింది.

"ఇదేంటి?"

"నీళ్ళు పెట్టాను. ఇంకో ఆరు రోజులు పెడితే దీని మీద రెండో అంతస్తు లేపుకోవచ్చు."

ఆమె ఆ చెరువుని చూసింది, గట్టుని చూసింది. గోడ పట్టుకుని మెల్లిగా కింద చతికిలబడి, నవ్వడం మొదలుపెట్టింది. ఆగదు. ఊపిరాడక ఒక చెయ్యి గాల్లో ఆడిస్తోంది. పక్కింటి టైలరమ్మ ఏడుపనుకుని మెడలో టేపుతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది బావా, అక్కకేమైంది?"

"మీ అక్కకేం కాలేదు. నేనే మేడ కట్టాను."

చలికాలం మొదలైనప్పటినుంచీ ఆమె అలా నవ్వడం అదే మొదటిసారి. ఆ కేకుని గరిటెతో గిన్నెలోకి ఎత్తుకుని ముగ్గురం తిన్నాం.

ఆ తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. ప్రతిసారీ ఆమె ఒక ముక్క నా చేతికిచ్చి నా మొహంలోకి చూసేది. కళ్ళు చిట్లించి, గోడ మీది గడియారంలో టైము చూసినట్టు చూసేది.

"ఎలా ఉంది?"

"ఎలా ఉందా. ఈ వాసనకి వీధి మొగలో పోతున్న పోస్టుమాన్ సైకిలు తనంతట తనే మలుపు తిరిగి మన గుమ్మం ముందు ఆగింది. ఆయన తొక్కుతున్నాడు, అది కదలదు."

ఆమె నవ్వేది కాదు. ఏదో లెక్క తేలనట్టు తల పక్కకి వాల్చి ఊరుకునేది. ఐదోసారి, "చక్కెర నేను వేస్తాను, నువ్వెళ్ళి ఆ కిటికీ తుడు" అంది. తుడిచి వచ్చి పిండి కలిపాను. కేకు అయింది. చల్లారాక ముక్క కోసి ఇచ్చింది. నోట్లో పెట్టుకోగానే తెలిసింది, ఏదో తక్కువైంది. కానీ ఆమె నా మొహమే చూస్తోంది. ఆ చూపు ముందు తక్కువైందని ఎలా అనను.

"ఇన్నిట్లోకీ ఇదే," అన్నాను. "తీపి సరిగ్గా అతికింది."

"చక్కెర వెయ్యలేదు," అంది.

అలమరలోంచి డబ్బా తీసి నా ముందు పెట్టి మూత తెరిచింది. అంచుదాకా ఉంది.

"నా నోటికి రుచి లేదు. నీ నోటికి నిజం లేదు. మనిద్దరం కలిసి ఆ పిల్లకి ఏం కేకు పెడతామయ్యా?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒక కోత కోసి బయటపడేవాణ్ణి.

"నీ కథలంటే నాకు ఇష్టమే," అంది డబ్బా మూత పెడుతూ. మూత రెండుసార్లు జారింది. "ముప్పై ఏళ్ళు నా చెవిలో పువ్వులు పెట్టావు, హాయిగా పెట్టించుకున్నాను. పులి, ఏనుగు, అన్నీ నమ్మాను. కానీ ఇప్పుడు నాకో నాలుక కావాలి. నేను అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేది. నీది తప్ప ఇంకెవరిది అడగను?"

మళ్ళీ చేయడానికి నాలుగు రోజులు పట్టింది, ఆమెకి ఓపిక లేక. ఆ రోజు మధ్యాహ్నం నేను రెండు కేకులూ దించాక, ఆమె రెంటిలోంచీ ఒక్కో ముక్క కోసి ఇచ్చింది. ముందు కాఫీది నోట్లో పెట్టుకున్నాను. పొగడ్తలన్నీ నాలుక చివరికి వచ్చి వరసలో నిలబడ్డాయి. వాటిని వెనక్కి నెట్టడం, కాలి మీద మనమే ఇటుక వేసుకోవడంలా ఉంది.

"చేదు," అన్నాను.

ఆమె పీట మీద ముందుకి జరిగింది. "నమిలేటప్పుడా, మింగాకా?"

"మింగాక. గొంతులో నిలబడుతోంది."

"పొడి ఎక్కువైంది. నారింజది?"

"సబ్బు తిన్నట్టుంది."

"తొక్కతో పాటు లోపలి తెల్లది కూడా తురిమి ఉంటావు. ఇంకా?"

"అడుగు మాడింది. నువ్వు దించమన్నప్పుడే దించాల్సింది. లిఫ్టు గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను."

ఒక్కో తప్పు చెబుతుంటే ఆమె మొహం ఒక్కో దీపం వెలిగించినట్టు తేటపడింది. నేను ఎన్ని పోస్టుమాన్ల సైకిళ్ళు ఆపినా రాని వెలుగది. కత్తి తీసుకుని మాడిన అడుగు గీకడం మొదలుపెట్టింది. గీకుతూ, అదే గొంతుతో, కేకు గురించి ఇంకో మాట అడిగినట్టే అడిగింది.

"డాక్టరు ఏమన్నాడు?"

ఆ కారే కప్పు ఇంకా నా దగ్గరుంది. దానికి ఇంకో రెండు చిల్లులు పెట్టి, ఇంకో ఇంజనీరుని తెచ్చి, వానలు వచ్చేదాకా లాగగలను. కానీ నోట్లో చేదు ఇంకా అలాగే ఉంది, ఆమె ఆ నోటినే అడుగుతోంది.

"ఇంక మందు వద్దన్నాడు," అన్నాను. "వానలు పడేదాకా అన్నాడు."

ఆమె తల ఊపింది. కత్తి వేళ్ళలోంచి జారింది. తీసి మళ్ళీ చేతిలో పెట్టాను. మిగిలిన అడుగు కూడా గీకేసింది.

"కాఫీపొడి ఒక చెంచా తగ్గిద్దాం," అంది. గీకిన మసిని ఒక పక్కకి నెట్టి, "అమ్మాయికి నేను చెబుతాను. నువ్వు చెబితే మధ్యలో ఏనుగొస్తుంది."

మర్నాడు పొద్దున తల్లీకూతుళ్ళు ముందుగదిలో కూర్చున్నారు. నేను పెరట్లో, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడుగుతున్నాను. ఏడుపు వినపడుతుందని చూశాను, వినపడలేదు. చాలాసేపటికి అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీకెప్పుడు తెలుసు నాన్నా?"

"ఎండలు ముదిరినప్పుడు."

"డాక్టరుగారి ఇల్లు కారుతోందన్నావు."

"ఊఁ."

"నేను పెళ్ళికి అమ్మకి ఏ చీర కట్టాలో అడుగుతున్నాను రోజూ. వింటూ కూర్చున్నావు."

అంతకంటే ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ రోజు అది కొట్టుకి వెళ్ళలేదు. లిఫ్టుని వెంటబెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళింది. మధ్యాహ్నం వాడు చెమటతో వచ్చి, ట్రైనింగు మానుకున్నాననీ, ఇవాళ్టికి ఇరవై మూడో రోజున ఖాళీ ఉంటే రాయించేశామనీ చెప్పాడు. మా ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "చాలు, ఇంకో రెండు కేకులు పాడుచేసుకోవచ్చు" అంది.

మూడు పాడుచేశాం. మూడింటికీ నిజమే చెప్పాను. ఒకటి పిండిపిండిగా ఉందన్నాను, ఒకటి చప్పగా ఉందన్నాను, మూడోదాన్ని నమిలి, "దీన్ని మాత్రం నేను కట్టలేదని చెప్పు" అన్నాను. ఆమె రోజురోజుకీ తగ్గిపోతూ వచ్చింది. నా మాట మీద చెంచా ఎక్కువా, చెంచా తక్కువా చెప్పే గొంతు మాత్రం తగ్గలేదు.

పెళ్ళికి ముందురోజు ఆమె పీట మీద కూర్చోలేకపోయింది. మంచం తెచ్చి వంటగది గుమ్మంలో వేశాం. అంత దూరం నుంచి ఓవెన్ వినపడదు. "నువ్వు విను" అంది. చెవి పెట్టాను. చిటపటమంటోంది, చిన్నగా, ఎవరో గోడవతల గుసగుసలాడినట్టు.

"మాట్లాడుతోందా?"

"వాగుతోంది."

"అయితే ఉండనీ."

చల్లారాక రెండు కేకుల్నీ అడ్డంగా చీల్చి నాలుగు చేశాను. మేకుకి దారం కట్టి, బావికి వలయం గీసినట్టు ఒక్కోదాని మీద రెండేసి గుండ్రాలు గీసి, కోసి విడదీశాను. ఆమె మంచం మీదినుంచి వేలు చూపిస్తోంది. నారింజ మధ్య వలయం తీసి కాఫీలో పెట్టు, కాఫీది తీసి నారింజలో పెట్టు. ఇప్పుడు ఒకదాని మీద ఒకటి, రంగు మార్చి రంగు. మీగడ పులమడానికి కొత్త చిన్న తాపీ కొని మరిగే నీళ్ళలో కడిగి తెచ్చాను. అమ్మాయి "ఛీ నాన్నా" అంది. "ఉండవే, ఆయనకి అది లేకపోతే చెయ్యి ఆడదు" అంది వాళ్ళమ్మ.

మొదట్లో కోసిన కోత ఇక్కడ సంతోషంగా వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కేకు నాది కాదు. ఆమెది. నేను ఒక చెయ్యి, ఒక నాలుక, అంతే. ఆమె పోయాక ఒకే ఒక్కసారి సొంతంగా చేసి చూశాను. కోస్తే లోపల చదరంగం బల్లకి బదులు భూకంపం వచ్చిన ఊరు కనిపించింది. లిఫ్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "జనాన్ని ఖాళీ చేయించారా మామయ్యా" అన్నాడు.

పెళ్ళినాడు ఆమె ఆఫీసుకి రాలేకపోయింది. సంతకాలు పెట్టి వాళ్ళిద్దరూ తిన్నగా ఆమె మంచం దగ్గరికే వచ్చారు. సాయంత్రం ముందుగదిలో, ఆమెని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టాక, అమ్మాయి కేకు కోసింది. పైకి తెల్లటి మీగడ తప్ప ఏమీ లేదు, ఒక్క పువ్వు లేదు. మొదటి ముక్క పక్కకి వాల్చగానే గళ్ళు బయటపడ్డాయి. టైలరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. లిఫ్టు వంగి, ముక్కని నాలుగు వైపులా చూసి, "లోపల ఎలా కట్టారిది" అని గొణిగాడు. అమ్మాయి వాళ్ళమ్మ వైపు చూసి, కత్తి కింద పెట్టేసింది. మా ఆవిడ మాత్రం అందరి నోళ్ళూ ఒక్కొక్కటిగా చూసుకుంది.

నేను ఒక ముక్క పళ్ళెంలో పెట్టి ఆమె దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె చిన్న తునక నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "నారింజ తెలుస్తోందయ్యా," అంది. "ఇదిగో, ఇక్కడ, నాలుక పక్కన."

పెళ్ళయిన పన్నెండో రోజున వానలు పడ్డాయి. మొదటి వానని ఆమె కిటికీలోంచి చూసింది. రెండోది పడేనాటికి లేదు.

ఇందులో ఏది కల్పించావని ఎవరైనా అడిగితే, పోస్టుమాన్ సైకిలు లెక్కలోకి రాదు, దాన్ని ఆమె కూడా నమ్మలేదు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే. ఆమెకి నారింజ తెలియనే లేదు. ఆ తునకని చాలాసేపు నమిలి, నీళ్ళు తాగి మింగి, నా మొహంలోకి చూసింది.

"ఎలా ఉంది?"

"కాఫీ గడి కొంచెం పొడిబారింది," అన్నాను. "నారింజ బాగా కుదిరింది. తీపి సరిపోయింది."

ఆమె నా మొహంలో వెతికింది. చాలాసేపు వెతికింది. వెతికి, "అయితే సరే" అని పళ్ళెం నా చేతికిచ్చింది.

ఆమెకి అది చాలింది. నాకే చాలక, నారింజ కలిపాను.